రన్‌వే కింది పదకొండు పేర్లు

మా ఇంటి ఓనరు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఫిల్మ్ నగర్‌లో ఒక బండకు పాకుడు రంగు వేస్తున్నాను. బండంటే నిజం బండ కాదు, థర్మకోల్‌ది. ఫోను చేసింది ఆయన కూతురు. ఆవిడను నేను అక్కా అని పిలుస్తాను. "తమ్ముడూ, నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. పొద్దున కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అంది. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది, గొంతులో ఏమీ లేదు. "వస్తున్న అక్కా" అని ఫోను పెట్టేశాను. పెట్టేసి, ఆ బండకు ఇంకో రెండు పూతలు వేశాక గానీ నాకు కదలాలని తోచలేదు.

ఎనభై దాటి చాలా కాలమైన మనిషి. నిద్రలో పోయారు. ఇందులో అన్యాయం ఏముందని ఎవరైనా అంటారు. అన్యాయం వేరే ఉంది, అది నేను చేసింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని అక్క అడిగింది. మంచి మాటలు చాలానే ఉన్నాయి, రాస్తాను. కానీ అవి మాత్రమే రాసి ఊరుకుంటే నేను బతికున్నంతకాలం ఆ నాలుగు మాటలూ నన్ను పీక్కు తింటాయి.

ఆయనది రహమత్ నగర్‌లో అరవై గజాల్లో కట్టిన ఇల్లు. కింద ఆయనా, పెళ్ళి వద్దనుకుని బడిలో పాఠాలు చెప్పుకునే ఆ కూతురూ. పైన ఒక గదీ, వంటగదీ. అందులో కిరాయికి నేను. సినిమావాళ్ళకు ఇల్లివ్వడానికి ఆ గల్లీలో ఎవరూ ఒప్పుకోలేదు. ఈయన మాత్రం అడిగింది ఒక్కటే. "పొద్దున్నే లేస్తావా బాబూ?" లేస్తానని చెప్పి దిగాను. ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

గల్లీలో అందరూ ఆయన్ని మిల్ట్రీ తాత అనేవాళ్ళు. పిలిచిన ప్రతిసారీ ఆగి, "మిలిట్రీ కాదమ్మా, ఎయిర్‌ఫోర్స్" అని దిద్దేవారు. దిద్ది దిద్ది ఆయన అలిసిపోలేదు, వాళ్ళు నేర్చుకోలేదు. నాకు మొదట్లో ఆయన మీద కొంచెం చిరాకుగానే ఉండేది. తెల్లారకముందే గేటు కిర్రుమనేది. కిటికీలోంచి చూస్తే, తెల్లచొక్కా వేసుకుని, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు తల వంచుకుని మెల్లగా నడుస్తూ, ఒక్కో గులకరాయీ ఏరి జేబులో వేసుకుంటూ కనిపించేవారు. జేబు నిండాక మలుపు దగ్గరున్న పాత రంగు డబ్బాలో పోసేవారు.

ఒకరోజు ఉండబట్టలేక కిందికి దిగి అడిగాను. "ఏంది తాతా, గల్లీల రాళ్ళు మీరెందుకు ఏరుతున్నరు? మున్సిపాలిటోళ్ళు చేస్తరు కదా."

"అలవాటు బాబూ. పైన ఉన్నప్పుడు పట్టుకుంది, వదల్లేదు."

పైన అంటే మా గది కాదు. ఆయన పనిచేసిన చోటు. బాపట్ల వైపు పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకు ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, వైర్‌లెస్ నేర్చుకుని, ఉత్తరాన మంచుకొండల్లో సరిహద్దు పక్కనున్న ఒక ఎయిర్‌ఫీల్డుకు వెళ్ళారు. దాని పేరు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకూడదని సంతకం పెట్టానని అనేవారు. ఆ సంతకం పెట్టించుకున్నవాళ్ళు కూడా పోయి ఎన్నాళ్ళయిందో తెలియదు గానీ, ఈయన మాత్రం చివరిదాకా 'పైన' అనే అన్నారు.

అక్కడ ఏమేమున్నాయని అడిగితే చూపుడువేలితో గాలిలో గీస్తూ చెప్పేవారు. రెండు కొండల వరసల మధ్య ఎండిపోయిన ఏటి ఇసుక. ఒకప్పుడు ఉప్పు మూటలతో పోయే వర్తకులు గుర్రాలను ఆపుకునే చోటట. దాన్ని చదును చేసి, చిల్లుల ఇనుప పలకలను ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి పరిచారు. అదే రన్‌వే. పక్కన ఒక రేకుల షెడ్డు, అదే కంట్రోల్ రూము. అందులో వైర్‌లెస్ సెట్టు, చేత్తో తిప్పే ఫోను, కిరోసిన్ పొయ్యి. బయట గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం. కొత్తగా వచ్చి ఊపిరాడనివాళ్ళను పడుకోబెట్టడానికి ఒక రాతిగది, రెండు ఆక్సిజన్ సిలిండర్లు. ఒక అంబులెన్సు. దాని కింద మంట పెట్టి గంటసేపు వెచ్చబెడితే గానీ స్టార్టయ్యేది కాదట. నీళ్ళు కావాలంటే గడ్డకట్టిన ఏటిని గొడ్డలితో కొట్టి, ముక్కలు మోసుకొచ్చి కరిగించుకోవాలి. "ఇవే బాబూ ఫెసిలిటీస్. నీ గదిలో ఇంతకన్నా ఎక్కువే ఉన్నాయి," అన్నారు. నేను గీజరు పాడైందని చెప్పడానికి కిందికి దిగిన రోజున అన్న మాట అది. ఆ తర్వాత గీజరు ఊసెత్తలేదు.

విమానాలు పొద్దున్నే వచ్చి పొద్దున్నే వెళ్ళిపోవాలి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. దిగిన విమానం ఇంజిన్ ఆపకూడదు. ఆపితే ఆ చలిలో, ఆ పలుచటి గాలిలో మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. ఫ్యాన్లు తిరుగుతుండగానే బస్తాలూ డ్రమ్ములూ దించి, జబ్బుపడ్డవాళ్ళను ఎక్కించి పంపెయ్యాలి. ఆ సుడిగాలికి ఒక్క గులకరాయి లేచినా ఇంజిన్ పోతుంది. అందుకని తెల్లారగానే అందరూ భుజాలు తగిలేలా ఒక్క వరసలో నిలబడి, రన్‌వే ఒక చివర నుంచి ఇంకో చివరకు రాళ్ళేరుకుంటూ నడిచేవాళ్ళు. ఆఫీసరూ ఆ వరసలోనే, వంటవాడూ ఆ వరసలోనే, కూలీలూ ఆ వరసలోనే. "విమానం దిగాలంటే పైలట్ ఒక్కడు చాలడు బాబూ. రాళ్ళేరినవాడు కూడా ఉండాలి," అని ఆయన చాలాసార్లు అన్నారు. వినీ వినీ నాకు విసుగు పుట్టేది. ఇప్పుడు ఆ మాట ఆయన గొంతులో ఇంకొక్కసారి వినడానికి ఏమైనా ఇస్తాను.

ఆ రన్‌వే పరచడానికి కూలీలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కొందరు ఆ కొండలవాళ్ళు, కొందరు దూరపు మైదానాల నుంచి కాంట్రాక్టరు లారీల్లో ఎక్కించుకొచ్చినవాళ్ళు. ఆ కాంట్రాక్టరు మేస్త్రి పొద్దున తలలు లెక్కపెట్టుకునేవాడు, పేర్లతో వాడికి పని లేదు. ఈయన అక్కడున్న రెండేళ్ళలో కళ్ళముందే పదకొండు మంది పోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి కొందరు, రాయి దొర్లి ఒకరు, కిరోసిన్ డ్రమ్ము అంటుకుని ఇద్దరు, పొద్దున లేవక మిగిలినవాళ్ళు. వాళ్ళను అక్కడే రాళ్ళ కింద పెట్టారు. తర్వాత రన్‌వే పొడిగించాల్సి వచ్చింది. పొడిగించిన ముక్క ఆ రాళ్ళ మీదుగానే పోయింది.

ఈయనకు అప్పటికి ఇరవై ఏళ్ళు. చేయగలిగింది ఒక్కటే చేశారు. తన సొంత నోటుబుక్కులో, రోజూ గాలి ఎటు వీచిందో, చలి ఎంతుందో, ఎన్ని విమానాలు దిగాయో రాసుకునే పుస్తకం చివర, ఆ పదకొండు పేర్లూ రాశారు. పేరూ, చెప్పిన ఊరూ, ఎలా పోయాడన్నదీ. అన్నీ తెలుగులో. ఆ పేర్లు లోకంలో ఇంకెక్కడా లేవని ఆయన నమ్మకం. బైబిల్ పెట్టుకునే ట్రంకుపెట్టెలో, బైబిల్ పక్కనే ఉండేది ఆ పుస్తకం.

కొన్నాళ్ళకు అక్కడ నేల కుంగి విమానాలు రావడం మానేశాయి. ఆ చోటు చాలా ఏళ్ళు ఉత్త ఇసుకగా ఉండిపోయింది. మళ్ళీ ఈ మధ్యకాలంలో బాగుచేసి పెద్ద విమానం దింపారని పేపర్లో వస్తే, ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకు అంటించారు. నాకు చూపించి, "ఎత్తు రాశారు, పొడవు రాశారు, విమానం పేరు రాశారు. చూడు బాబూ, ఇంకేమైనా రాశారేమో. నాకు కళ్ళు సరిగా ఆనవు," అన్నారు. నేను చూసి, ఇంకేం లేదని చెప్పాను.

సినిమా సంగతి అక్కడే మొదలైంది. మా ఆర్ట్ డైరెక్టరుకు ఒక యుద్ధం సినిమా వచ్చింది. మంచుకొండల్లో ఎయిర్‌ఫీల్డు కావాలి. కొండలకు వెళ్ళే స్తోమత నిర్మాతకు లేదు. ఫిల్మ్ నగర్ వెనక బండరాళ్ళ మధ్య ఖాళీ జాగా చూసి, అక్కడే ఉప్పూ నురగా పోసి మంచు చేద్దామన్నారు. అసిస్టెంటుగా నాకు పేరు తెచ్చుకోవాలని తహతహ. "మా ఓనర్ తాత గసొంటి జాగలనే పనిచేసిండు సార్," అని నోరుజారాను. నోరుజారడం కాదు, కావాలనే అన్నాను.

మర్నాడే ఆయన్ని బండి మీద ఎక్కించుకుని జూబ్లీహిల్స్‌లో డైరెక్టరుగారి ఆఫీసుకు తీసుకెళ్ళాను. ముందురోజు సాయంత్రమంతా ఆ నోటుబుక్కుతోనే కూర్చున్నారు. చిరిగిన పాత అట్ట తీసేసి, కొత్త బ్రౌన్ కాగితం వేసి, లేబుల్ అంటించి, మడతపడ్డ పేజీల మూలలను ఇస్త్రీపెట్టెతో సరిచేశారు. పెద్ద ఆఫీసుకు వెళ్ళే పుస్తకం, మర్యాదగా ఉండాలి కదా అన్నారు. ఆ మర్యాదే దాని కొంప ముంచింది.

డైరెక్టరు బాగానే విన్నాడు. చివర్లో, మీకేం కావాలి సార్ అని అడిగాడు. ఈయన చేతులు కట్టుకుని, "నాకేం వద్దండీ. ఆ పదకొండు మంది పేర్లూ సినిమా చివర్లో ఒక్కసారి వేయండి. చదవగలిగినంతసేపు ఉంచండి, చాలు," అన్నారు. డైరెక్టరు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నల్ల తెర మీద తెల్లక్షరాల్లో వస్తాయి సార్. నా మాట." తిరిగి వచ్చేటప్పుడు చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర బండి ఆగితే, వెనకనుంచి ఈయన నెమ్మదిగా, "చదవగలిగినంతసేపు అన్నాను కదా బాబూ? మర్చిపోలేదు కదా?" అని అడిగారు.

సెట్టు మీద ఆయనకు ఒక కుర్చీ వేశాం. మొదట్లో అందులో కూర్చోలేదు. పొయ్యి గొట్టం గాలికి ఎదురుగా పెట్టారని మార్పించారు. పొద్దున షూటింగుకు ముందు ఆ ఉత్తుత్తి రన్‌వే మీద రాళ్ళేరుతుంటే, జూనియర్ ఆర్టిస్టులు నవ్వుకుంటూనే వచ్చి ఆయన పక్కన వరసగా నిలబడ్డారు. మూడోరోజుకు నవ్వడం మానేశారు. నేను కూడా రెండుసార్లు నడిచాను. తల వంచుకుని, పక్కవాడి భుజం తగులుతుండగా నడుస్తుంటే మనసుకు ఏదో హాయిగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ సినిమాలో నిజమైన పని అదొక్కటే.

ఎందుకంటే కథలో కూలీలు లేరు. హీరో, అతని స్నేహితులు, మొత్తం ఏడుగురు జవాన్లు. విక్రమ్, కబీర్, అర్జున్, బల్వంత్, జోసెఫ్, ఆదిత్య, చోటూ. ఒక సర్దార్, ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు, అన్నీ కొలత ప్రకారం. హీరో దగ్గర ఒక డైరీ ఉంటుంది. శత్రువులు చుట్టుముట్టినప్పుడు అది వాళ్ళ చేతికి చిక్కకూడదని కాల్చేస్తాడు. ఈయన ఆ సీను విని, "డైరీ ఎవరూ కాల్చరండీ, చొక్కాలో దాచుకుంటారు," అన్నారు. మంట తెర మీద బాగుంటుందని డైరెక్టరు అన్నాడు.

ఆ డైరీకి ఈయన నోటుబుక్కునే నమూనా చేసుకుని డమ్మీ తయారుచేశాను. అదే సైజు, అదే బ్రౌన్ అట్ట, అదే లేబుల్, లోపల టీ నీళ్ళతో పసుపు పట్టించిన కాగితం. ఆయన దస్తూరి నాలుగు రోజులు సాధన చేసి, మొదటి ఎనిమిది పేజీలూ అక్షరం పొల్లుపోకుండా దించాను. మా ఆర్ట్ డైరెక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "నకలంటే గిట్లుండాలె" అన్నాడు. నా జీవితంలో అంత మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు. ఈయనకు చూపిస్తే ఆయన కూడా అసలేదో చెప్పలేక నవ్వారు. చివరి పేజీలు, పేర్లున్నవి, టైటిల్స్ వేసేటప్పుడు ఫోటో తీసుకోవచ్చులే అని వదిలేశాను, అందుకే అసలు పుస్తకం కూడా నా దగ్గరే ఉండిపోయింది. చేతిలో ఫోనుంది. తీయడానికి ఒక్క నిమిషం పట్టేది.

మంట సీను రోజున పొద్దు వాలుతోంది. అసిస్టెంట్ డైరెక్టరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, ఏది కాల్చాలి? తొందరగా చెప్పండి, లైట్ పోతోంది." బల్ల మీద రెండు పుస్తకాలు. ఒకటి మూలలు నలిగి, అట్ట మీద చెమట మరకలతో పాతగా ఉంది. ఇంకొకటి నిన్న కొన్నట్టుంది. నేను రెండింటి మొదటి పేజీలూ తెరిచి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. నలిగినది అరవై ఏళ్ళ నాటి అసలు, కొత్తగా ఉన్నది నేను చేసిన డమ్మీ అనుకున్నాను. నెల రోజులుగా హీరో చేతుల్లో నలిగింది డమ్మీయేనని, ఇస్త్రీ చేసుకుని కొత్తబట్టలు తొడుక్కుని వచ్చింది అసలని, ఆ క్షణాన నాకు తట్టలేదు. పాతవాటిని పాతగా చూపించడం నా వృత్తి. పాతగా కనిపించినదాన్ని పాతదని నమ్మాను. కొత్తదాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

కెమెరా వెనక ఈయన కుర్చీలోంచి లేచారు. "బాబూ, అది డమ్మీయే కదా?"

"డమ్మీనే తాతా. ఫికర్ చేయకుండ్రి," అన్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నారు. ఒక్క టేకులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈయన కూడా కొట్టారు.

రెండు రోజుల తర్వాత పేర్లు ఫోటో తీద్దామని మా ఆఫీసు బీరువాలోంచి నలిగిన పుస్తకం తీశాను. ఎనిమిదో పేజీ దాకా ఆయన అక్షరాలే. ఆ తర్వాత ఖాళీ కాగితాలు. చివరి పేజీ దాకా ఒక్కొక్కటే తిప్పాను. ఎందుకు తిప్పానో నాకు తెలియదు, ఏమీ లేదని మొదటి ఖాళీ కాగితానికే తెలిసిపోయింది.

ఆయనకు చెప్పలేదు. ఆఫీసులో ఉంది తాతా, రిలీజ్ అయినంక ఇస్తరట అన్నాను. పేర్లు పోయాయని డైరెక్టరుకు చెబితే, "అయ్యో" అని, "ఎలాగూ లెంగ్త్ ఎక్కువైంది" అన్నాడు. డైరెక్టరు మొహంలో కనిపించిన ఊరట నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. నా మొహంలోనూ అదే కనబడి ఉంటుంది.

సినిమా మూడు రోజులాడింది. మొదటిరోజు మ్యాట్నీకి అక్కా, ఈయనా, నేనూ వెళ్ళాం. హాలు ముప్పాతిక ఖాళీ. సినిమా అయిపోయి, ఉన్న కొద్దిమందీ లేచి వెళ్ళిపోయారు. తెర మీద లైట్‌మెన్ల పేర్లు, డ్రైవర్ల పేర్లు, భోజనాలు పెట్టినవాళ్ళ పేర్లు పైకి పోతున్నాయి. ఈయన నిలబడి, కళ్ళద్దాలు సరిచేసుకుంటూ చదువుతున్నారు. నా పేరు వచ్చింది. "ఇదిగో, నువ్వు," అని నవ్వారు. తెర తెల్లబడింది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో లోపలికొచ్చారు. ఈయన అలాగే నిలబడి ఉన్నారు. "ఇంకా ఉందేమో బాబూ," అన్నారు. అక్క చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఆ ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చి మెట్ల మీద బూట్లు విప్పుకుంటున్నప్పుడు చెప్పేశాను. అంతా చెప్పాను. ఆయన రెండో బూటు లేసు చేతిలో పట్టుకుని విన్నారు. తిడితే బాగుండునని నేను ఎదురుచూస్తున్నాను. చివరికి, "ఆరోజు నేను అడిగాను కదా బాబూ," అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఆయన నోట ఎప్పుడూ రాలేదు. నా కిరాయి గదిని ఖాళీ చేయమనీ అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

పదిహేను రోజుల తర్వాత ఆయనే కిందినుంచి పిలిచారు. "పెన్ను తీసుకుని రా. మళ్ళీ రాద్దాం."

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రాసేవాళ్ళం. షెడ్డు ఎన్ని అడుగులో చెప్పారు. పొయ్యి ఏ మూలన ఉండేదో చెప్పారు. అంబులెన్సు నంబరు కూడా చెప్పారు. ఇనుప పలకల చిల్లులు ఎంతెంత దూరాన ఉండేవో వేలితో కొలిచి చూపించారు. పేర్లు మాత్రం రాలేదు. మొదటిరోజు మూడు వచ్చాయి, మంగ్రూ, దోర్జే, సోనమ్. నెలన్నరకు నాలుగోది, బుధ్వా. అక్కడ ఆగిపోయాయి. మనుషులు తెలుసు. ఎర్ర టోపీవాడు, రాళ్ళు మోస్తూ పాట పాడేవాడు, ఇంటికి ఉత్తరం రాయించుకుని అడ్రసు చెప్పలేకపోయినవాడు. పేర్లు లేవు. "నాలుక చివరే ఉంది బాబూ," అని కళ్ళు మూసుకునేవారు. నేను పెన్ను పట్టుకుని కూర్చునేవాణ్ణి. నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో గుర్తుంది, నీళ్ళు మోసినవాడి పేరు గుర్తులేదు. "రాశాను కదా అని మర్చిపోయాను. రాసి ఉండకపోతే గుర్తుండేవి," అని ఒకసారి అన్నారు. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది.

అలా మూడేళ్ళు గడిచాయి. బాత్రూములో జారిపడ్డాక మనిషి బాగా తగ్గిపోయారు. అక్కను ఒక్కోసారి వాళ్ళమ్మ పేరుతో పిలిచేవారు. గల్లీలో రాళ్ళేరడం ఆగిపోయింది. అయినా ఆదివారం వస్తే నా కోసం చూసేవారు. ఈ వేసవిలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"రాసుకో బాబూ, వచ్చేశాయి. అందరూ వచ్చేశారు."

నేను పెన్ను తీశాను. ఆయన ఒక్కో పేరూ నిదానంగా, నాకు తప్పు పోకూడదని అక్షరం అక్షరం విడగొట్టి చెప్పారు. విక్రమ్ అని రాశాను. కబీర్ అని రాశాను. అర్జున్ దగ్గర నా చెయ్యి ఆగింది. తలెత్తి చూశాను. "రాయి, ఆపకు, మళ్ళీ పోతాయి," అన్నారు కంగారుగా. బల్వంత్. జోసెఫ్. ఆదిత్య. చోటూ. మా రైటరు జూబ్లీహిల్స్‌లో ఏసీ గదిలో కూర్చుని కల్పించిన ఏడుగురు. విక్రమ్ తన చొక్కాకు నిప్పంటించి విమానానికి దారి చూపించాడని కూడా చెప్పారు. అది మా క్లైమాక్సు. "నేను అక్కడే ఉన్నాను బాబూ, నా కళ్ళతో చూశాను," అన్నారు. నిజమే, ఉన్నారు. కుర్చీలో.

ఎర్ర టోపీవాడి గురించి అడుగుదామని నోరు తెరిచాను. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నారు. అరవై ఏళ్ళ బరువు దించుకున్న మనిషి మొహం అది. నేను ఏడు పేర్లూ రాసి, కింద గీత గీశాను. మొత్తం ఎన్ని అని అడిగారు. పదకొండు తాతా, అన్నాను. సరిపోయాయి అని పడుకున్నారు. ఆ సాయంత్రం అక్కతో, "నా పని అయిపోయిందమ్మా," అన్నారట. అక్క సంతోషపడి నాకు దండం పెట్టింది. పుస్తకం ఆవిడకు ఇచ్చేశాను. ఆ రోజే చెప్పాల్సింది. ఆయన ఉండగా నా నోరు పెగల్లేదు. పోయాక ఆవిడ మొహం చూసి పెగల్లేదు.

మొన్న జ్ఞాపకార్థ కూడిక మోతీనగర్‌లో వాళ్ళ చర్చిలో జరిగింది. పాస్టరుగారు ఆయన జీవిత విశేషాలు చదివారు. చదువుతున్నది నా చేతిరాత పుస్తకంలోంచేనని మొదటి వాక్యానికే తెలిసింది. అడుగుల కొలతలతో సహా అంతా చదివి, ఆగి, "మన సహోదరుడు జీవితాంతం గుండెల్లో మోసిన ఆ పదకొండు మందిని కూడా ఈ రోజు దేవుని సన్నిధిలో తలుచుకుందాం," అన్నారు. పేర్లు ఒక్కొక్కటిగా చదివారు. మంగ్రూ. దోర్జే. సోనమ్. బుధ్వా. విక్రమ్. కబీర్. అర్జున్. బల్వంత్. జోసెఫ్. ఆదిత్య. చోటూ. మా సినిమా అక్క తప్ప ఇంకెవరూ చూడలేదు, మూడేళ్ళ కింద ఒక్కసారి చూసిన ఆవిడకూ ఆ పేర్లు గుర్తులేవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సంఘమంతా లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడింది. ముందు వరసలో అక్క భుజాలు కదులుతున్నాయి. నేనూ లేచి తల వంచుకున్నాను.

నా పక్కన నిలబడ్డ పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా, "ఎవరు కన్న బిడ్డలో, పాపం," అంది.

"అవునమ్మా," అన్నాను.